అప్పు పుట్టని మూడో వంతు

ఇంటికి బ్యాంకు ఎంత అప్పిస్తుందని అడిగితే హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసుల్లో పనిచేసే ఏ ఉద్యోగి దగ్గరైనా సమాధానం సిద్ధంగా ఉంటుంది; బ్యాంకు ఇవ్వని భాగం ఎక్కణ్నుంచి తెస్తారని అడిగితే మాత్రం ఇంటికో సమాధానం వస్తుంది, అందులోనూ చాలావరకు నలుగురిలో చెప్పుకోనిదే ఉంటుంది. ఇంటి ధరలో కొనుగోలుదారు సొంతంగా పెట్టుకోవలసిన ఈ భాగాన్ని బ్యాంకులు మార్జిన్ మనీ అంటాయి, బిల్డర్లు డౌన్ పేమెంట్ అంటారు. 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతంలో జీతాలూ అద్దెలూ భూముల ధరలూ ఎంతెంత పెరిగాయో అందరూ చెప్పుకుంటూనే ఉన్నారు గానీ, ఒకే జీతం తీసుకుంటున్న ఇద్దరిలో ఒకరు ఇంటివారై మరొకరు అద్దెలోనే ఉండిపోవడానికి కారణం తరచుగా ఈ తొలి సొమ్మేనన్న సంగతికి దక్కవలసిన చర్చ దక్కలేదు.

ఇంటి విలువలో ఎంత శాతం వరకు అప్పు ఇవ్వవచ్చో రిజర్వు బ్యాంకు నిర్ణయించింది. ఈ నిష్పత్తికి లోన్ టు వాల్యూ, క్లుప్తంగా ఎల్‌టీవీ, అని పేరు. అప్పు 30 లక్షల రూపాయల లోపైతే 90 శాతం వరకు, 30 లక్షలు దాటి 75 లక్షల లోపైతే 80 శాతం వరకు, 75 లక్షలు దాటితే 75 శాతం వరకు మాత్రమే ఇవ్వాలన్నది నిబంధన, అంటే ఇల్లు ఖరీదైనకొద్దీ కొనుగోలుదారు చేతి నుంచి పెట్టవలసిన వాటా మొత్తంలోనే కాక శాతంలోనూ పెరుగుతుంది. దీనికి తోడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, దస్తావేజు ఖర్చులను ఇంటి విలువలో కలిపి లెక్కకట్టరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే స్పష్టం చేసింది. ఆ తర్వాత 2015లో ఇచ్చిన సడలింపు 10 లక్షల లోపు ఇళ్లకే వర్తిస్తుంది కనుక, ఈ ఐటీ కారిడార్‌లో దాని ప్రస్తావనే అనవసరం.

తెల్లాపూర్‌లోనో నల్లగండ్లలోనో నిర్మాణంలో ఉన్న ఒక ఫ్లాట్ కోటి రూపాయలకు కుదిరిందనుకుంటే లెక్క ఇలా తేలుతుంది. బ్యాంకు గరిష్ఠంగా 75 లక్షలు ఇస్తుంది కనుక మార్జిన్ 25 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 5 శాతం జీఎస్టీ చొప్పున మరో 5 లక్షలు. కొన్ని బ్యాంకులు దీన్ని ధరలో కలిపి చూస్తాయి గానీ అన్నీ అలా చూస్తాయన్న భరోసా లేదు. తెలంగాణలో 2021 జులైలో పెరిగిన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, వెరసి 7.5 లక్షలు. ఇక్కడికే 37.5 లక్షలు, అంటే ధరలో మూడో వంతుకు పైమాటే, అయింది. క్లబ్‌హౌస్ రుసుము, నివాసుల సంఘం పేరిట ముందుగా జమచేయించే కార్పస్ నిధి, మెయింటెనెన్స్ అడ్వాన్సు, కప్‌బోర్డులూ ఫాల్స్ సీలింగులూ ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు.

మరోవైపు 75 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు వచ్చే నెల వాయిదా సుమారు 65,000 రూపాయలు, భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న ఇంటికి ఇది మోయలేని భారమేమీ కాదు. జీతం పెరిగితే వాయిదా కట్టే శక్తి పెరుగుతుంది, ఇద్దరి జీతాలు కలిపి చూపిస్తే అప్పు అర్హత పెరుగుతుంది, అయినా ఎల్‌టీవీ శాతం మాత్రం ఒక్క మెట్టు కూడా ఎక్కదు. అందువల్ల నెలనెలా వచ్చే జీతంతో ఇల్లు నిలబెట్టుకోవడం సాధ్యమే గానీ, ఇంట్లోకి అడుగు పెట్టడానికి కావలసింది అప్పటికే కూడి ఉన్న ఆస్తి. ఆ ఆస్తి కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, కొందరు మొదటి జీతం నుంచి కూడబెట్టుకోవలసి వస్తుంది.

ఈ దశలో సాయం కోసం ఎవరైనా మొదట చూసేది ప్రభుత్వం వైపే. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలో భాగంగా 2017 నుంచి మధ్యతరగతికి కూడా వడ్డీ రాయితీ దక్కింది. ఏడాదికి 18 లక్షల ఆదాయం ఉన్న కుటుంబం వరకు అర్హత ఉండేది, గరిష్ఠంగా 2.35 లక్షల రాయితీ నేరుగా అప్పు ఖాతాలో జమయ్యేది, ఆ విభాగం 2021 మార్చి ఆఖరుతో ముగిసింది. 2024 సెప్టెంబరులో మొదలైన రెండో విడతలో ఆదాయ పరిమితి 9 లక్షలకు, ఇంటి విలువ 35 లక్షలకు, అప్పు 25 లక్షలకు కుదించారు. గరిష్ఠ రాయితీ 1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో. మాదాపూర్, కొండాపూర్, కోకాపేటల్లో 35 లక్షలకు కొత్త ఫ్లాట్ కోసం వెతకడం వృథా శ్రమ. అంతకంటే ముఖ్యంగా, వడ్డీ రాయితీ అనేది అప్పు చేతికొచ్చిన తర్వాత భారాన్ని తగ్గించే సాయమే తప్ప, రిజిస్ట్రేషన్ రోజున కౌంటరు దగ్గర కట్టవలసిన సొమ్ముకు అక్కరకొచ్చేది కాదు.

ఈ నగరంలో ప్రభుత్వ గృహనిర్మాణానికి వేరే చరిత్ర కూడా ఉంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వంటి చోట్ల హౌసింగ్ బోర్డు ఇళ్లు కట్టి, తొలి మొత్తం కట్టించుకుని, మిగిలింది ఏళ్ల తరబడి వాయిదాల్లో రాబట్టుకుంది. హైటెక్ సిటీ పుట్టకముందే పుట్టిన ఆ కాలనీ తర్వాత వేలాది ఐటీ ఉద్యోగులకు తొలి మజిలీ అయింది. మధ్యతరగతి కోసం 2007లో ఏర్పాటైన రాజీవ్ స్వగృహ కార్పొరేషన్ కట్టిన బండ్లగూడ, పోచారం టవర్లు ఏళ్ల తరబడి నిలిచిపోయి, చివరికి 2022లో వాటిలోని ఫ్లాట్లు లాటరీ ద్వారా అమ్మకానికి వచ్చాయి. ఇక కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేసిన వేలంలో ఎకరం 100.75 కోట్ల రూపాయల దాకా పలికింది. ఈ కారిడార్‌లో ప్రభుత్వం ఇల్లు కొనేవారికి ఊతమిచ్చే పెద్దదిక్కుగా కంటే, భూమి అమ్మి బొక్కసం నింపుకునే యజమానిగానే ఎక్కువగా కనిపిస్తున్నదని చెప్పక తప్పదు.

కనుక ఆచరణలో డౌన్ పేమెంటుకు సాయం చేస్తున్న అతిపెద్ద సంస్థ కుటుంబమే. ఊళ్లో రెండెకరాలో, జిల్లా కేంద్రంలో ఒక ప్లాటో, తల్లి మెడలోని గొలుసులో, తండ్రి పదవీ విరమణ సొమ్మో కదిలితేనే నగరంలో ఫ్లాట్ కదులుతుంది. పట్టణ పరిమితులకు తగినంత దూరంలో ఉన్న గ్రామీణ వ్యవసాయ భూమిని ఆదాయపు పన్ను చట్టం మూలధన ఆస్తిగా పరిగణించదు కనుక, దాన్ని అమ్మగా వచ్చిన లాభంపై పన్ను ఉండదు. పట్టణంలోని ప్లాటు అమ్మితే పన్ను వర్తిస్తుంది గానీ, ఎవరి పేరిట ప్లాటు ఉందో వారే ఆ అమ్మకపు సొమ్మును నిర్ణీత గడువులో ఒక నివాస గృహంపై పెడితే మినహాయింపు కోరే వీలుంది. తండ్రి పేరిట ఉన్న ప్లాటు అమ్మి కొడుకు పేరిట ఫ్లాట్ రాయించుకునే ఇళ్లలో ఈ మినహాయింపు చిక్కుల్లో పడుతుంది కనుక, ఎవరి ఆస్తి అమ్ముతున్నారో వారి పేరు కొత్త దస్తావేజులో ఉండాలా అన్న ప్రశ్నను బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి.

బంధువులిచ్చే సొమ్ము విషయంలోనూ చట్టం గీత గీసే తీరు గమనించదగినది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బాబాయి, పెదనాన్న, మేనమామ, మేనత్త, పిన్ని, అత్తమామలు బహుమతిగా ఇచ్చిన సొమ్ముపై పుచ్చుకున్నవారికి పన్ను లేదు. అదే బాబాయి కొడుకో, ఆఫీసు మిత్రుడో ఏడాదిలో 50,000 రూపాయలకు మించి ఊరికే ఇస్తే ఆ మొత్తమంతా ఆదాయం కిందికే వస్తుంది. చేబదులుగా తీసుకుంటే పన్ను లేదు గానీ, 20,000 రూపాయలు లేదా అంతకు మించిన అప్పునూ, స్థిరాస్తి కొనుగోలుకు సంబంధించిన అడ్వాన్సునూ నగదుగా తీసుకోవడం నిషిద్ధం. ఖాతా నుంచి ఖాతాకు బదిలీ, ఇచ్చినవారి సంతకంతో ఒక కాగితం, ఈ రెండూ ఉంటే బ్యాంకు మార్జిన్ ఆధారం అడిగినా, తర్వాత ఆదాయపు పన్ను శాఖ అడిగినా సమాధానం సిద్ధంగా ఉంటుంది.

కుటుంబ సాయానికి మరో పార్శ్వం ఉంది, దాన్ని గురించి ఇళ్లలో తక్కువగా మాట్లాడుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టంతో, దేశమంతటా 2005 సవరణతో, పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు వచ్చింది. ఊళ్లో పొలం అమ్మి కొడుకు ఫ్లాటుకు మార్జిన్ కట్టినప్పుడు ఆ సొమ్ములో కూతురి వాటా కూడా ఉందన్న సంగతి, కొనేవారి వకీలు ఆమె సంతకం అడిగేదాకా చాలా ఇళ్లలో గుర్తుకు రాదు. పెళ్లినాడు పసుపు కుంకుమల కింద ఇచ్చిందే ఆమె వాటా అని సరిపెట్టుకోవడం చట్టం ముందు నిలవదు, తోబుట్టువుల మధ్యా నిలవదు.

కుటుంబం తర్వాత స్థానం చిట్టీది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీలో సభ్యులు నెలనెలా వేసిన సొమ్మును వేలంలో పాడుకుంటారు. ఎవరు ఎక్కువ తగ్గింపుకు ఒప్పుకుంటే ఆ నెల సొమ్ము వారికి దక్కుతుంది, ఆ తగ్గింపులోంచి నిర్వాహకుడి కమిషన్ పోగా మిగిలింది సభ్యులందరికీ సమానంగా పంచుతారు. ఇరవై ఐదుగురు సభ్యులు, నెలకు 40,000 చొప్పున ఇరవై ఐదు నెలల పాటు సాగే 10 లక్షల చిట్టీని 30 శాతం తగ్గింపుకు ఒకరు పాడుకున్నారనుకుంటే, వారి చేతికి వచ్చేది 7 లక్షలు. తగ్గించుకున్న 3 లక్షల్లోంచి చిట్టీ మొత్తంపై 5 శాతం కమిషన్, అంటే 50,000, పోగా మిగిలిన 2.5 లక్షలు తలా 10,000 చొప్పున పంచగా, ఆ నెల ఒక్కొక్కరు వేయవలసింది 30,000 మాత్రమే అవుతుంది. ఈ ఏర్పాటులో తొలి నెలల్లో ఎత్తుకున్నవారు అప్పుదార్లు, చివరి దాకా ఆగినవారు పొదుపుదార్లు. ఒకే పెట్టెలో రెండు రకాల మనుషులుంటారు. ఫ్లాట్ కుదరడానికి రెండేళ్ల ముందే చేరి చివరి నెలల్లో ఎత్తుకునేవారికి చిట్టీ క్రమశిక్షణ నేర్పే పొదుపు. రిజిస్ట్రేషన్ తేదీ దగ్గరపడ్డాక హడావుడిగా చేరి భారీ తగ్గింపుకు పాడుకునేవారికి అది ఈఎంఐకి తోడయ్యే రెండో ఈఎంఐ. రిజిస్టర్ కాని చిట్టీలు, అపార్టుమెంటులోనో ఆఫీసులోనో తెలిసినవాళ్లు నడిపేవి, ఇంటి సొమ్ముకు తగిన చోటు ఎంతమాత్రం కాదు.

జీతం నుంచి ప్రతినెలా పోయేదే అయినా ఉద్యోగులు సరిగా లెక్కలోకి తీసుకోనిది భవిష్య నిధి, వాడుకలో పీఎఫ్. ఇల్లు కొనడానికి పీఎఫ్ నుంచి తిరిగి కట్టనవసరం లేని అడ్వాన్సు తీసుకునే వీలు 1952 నాటి పథకంలోనే ఉంది; చాలాకాలం ఐదేళ్ల సభ్యత్వం తప్పనిసరిగా ఉండగా, 2025 అక్టోబరులో భవిష్య నిధి సంస్థ కేంద్ర ధర్మకర్తల మండలి పదమూడు రకాల ఉపసంహరణ నిబంధనలను కుదించి, కనీస సర్వీసును పన్నెండు నెలలుగా చేయాలనీ, ఖాతాలో 25 శాతం మిగిల్చి ఉంచాలనీ నిర్ణయించింది. అయితే సాయం ఎంత దొరుకుతుందన్నది ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పెట్టిన ఒక సంతకం మీద ఆధారపడి ఉంటుంది. చట్టం చెప్పే 15,000 వేతన పరిమితి మీదే పీఎఫ్ లెక్కకట్టే కంపెనీలో ఉద్యోగి వాటా 1,800, కంపెనీ వాటా 1,800, నెలకు మొత్తం 3,600 జమవుతుంది, ఇటీవలి 8.25 శాతం వడ్డీనే పదేళ్లూ కొనసాగిందనుకున్నా అది ఆరున్నర లక్షల దగ్గర ఆగుతుంది. అదే మూలవేతనం 60,000 ఉన్న ఉద్యోగి పూర్తి మూలవేతనం మీద పీఎఫ్‌ను ఎంచుకుంటే జమ నాలుగింతలై, పదేళ్లకు 26 లక్షల దాకా చేరుతుంది. చేతికొచ్చే జీతం ఎక్కువగా ఉండాలన్న తొందరలో తక్కువ పీఎఫ్‌ను ఎంచుకున్న యువ ఉద్యోగి, తన ఇంటి మార్జిన్‌ను ఆ రోజే వదులుకున్నట్టు. పన్ను లేని వడ్డీ సంపాదిస్తున్న ఈ సొమ్మును తీయడానికీ ఒక ధర ఉంది, అది వృద్ధాప్యంలో తెలుస్తుంది. అయినా అధిక వడ్డీకి తెచ్చే వ్యక్తిగత రుణం కంటే ఇది మేలు.

బహుళజాతి కంపెనీలు ఉద్యోగులకిచ్చే షేర్లు ఈ కారిడార్‌కే ప్రత్యేకమైన మరో వనరు. వీటిని దీర్ఘకాలం ఉంచి అమ్మినప్పుడు, ఆ సొమ్ము ఇంటిపై పెడితే, ప్లాటు విషయంలో చెప్పుకున్న మినహాయింపు ఇక్కడా షరతులకు లోబడి వర్తిస్తుంది. బంగారం కుదువ పెట్టడం మూడు నాలుగు నెలల వెలితి పూడ్చడానికి పనికొస్తుంది తప్ప, ఇరవై ఏళ్ల అప్పుకు పునాది కాజాలదు.

సాయం పేరుతో ఎదురయ్యే ఉచ్చులు వేరే ఉన్నాయి. పాత ఫ్లాటు విషయంలో రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఒక ధర, బ్యాంకుకు చూపే అగ్రిమెంటులో అంతకంటే ఎక్కువ ధర రాయించి, మార్జిన్ అవసరమే లేకుండా చేస్తామనే మధ్యవర్తులు చెప్పనిదేమిటంటే, ఆ కాగితం మీద సంతకం కొనుగోలుదారుదేననీ, రేపు సమాధానం చెప్పుకోవలసిందీ అతనేననీ. ఇరవై శాతం కట్టండి, తాళాలిచ్చేదాకా వాయిదా మేం కడతామనే 20:80 పథకాల్లో అప్పు మాత్రం కొనుగోలుదారు పేరిటే ఉంటుంది, బిల్డరు ఆపేసిన నాడు నోటీసు వచ్చేదీ అతనికే. నిర్మాణ దశలను బట్టే అప్పు విడుదల చేయాలని 2013లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకూ, ఈ రకం పథకాలకు దూరంగా ఉండాలని 2019లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ గృహ రుణ సంస్థలకూ చెప్పింది ఇందుకే. అన్నిటికంటే ప్రమాదకరమైనది ప్రీ-లాంచ్, దాని జంట యూడీఎస్. అనుమతులేవీ రాకముందే, కట్టబోయే భవనం కింది భూమిలో విభజించని వాటాను రిజిస్టర్ చేసి, చదరపు అడుగు ధర బాగా తగ్గించి, మొత్తం సొమ్ము ఒక్కసారే కట్టించుకునే పద్ధతి ఇది. దీనికి బ్యాంకు అప్పు పుట్టదు కనుక, డౌన్ పేమెంటుకు సరిపోయే సొమ్ము చేతిలో ఉండి పూర్తి ధర అందనివారే ఈ తగ్గింపుకు ఆశపడతారు. అమీన్‌పూర్‌లో ప్రీ-లాంచ్ పేరుతో వందల కోట్లు వసూలు చేసిన ఒక సంస్థ అధిపతి 2022 డిసెంబరులో అరెస్టయ్యాక కూడా ఈ పద్ధతి పూర్తిగా ఆగలేదు.

ఇతర దేశాల అనుభవం ఇక్కడి విధానకర్తలకు ఉపయోగపడుతుంది. అమెరికాలో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ (ఎఫ్‌హెచ్‌ఏ) హామీతో 3.5 శాతం తొలి చెల్లింపుకే ఇల్లు కొనవచ్చు, ఆ కొద్దిపాటికీ రాష్ట్ర గృహ సంస్థలు సాయం చేస్తాయి. బ్రిటన్‌లో 2013 నుంచి 2023 దాకా హెల్ప్ టు బై పథకం కింద కొత్త ఇంటి ధరలో చాలాచోట్ల 20 శాతం దాకా ప్రభుత్వమే అప్పిచ్చింది గానీ, అది ఇళ్ల ధరలను ఎగదోసిందని అక్కడి ప్రభువుల సభ కమిటీయే 2022లో విమర్శించింది. ఎకరం వంద కోట్లు పలికే చోట నగదు సాయం చేస్తే అది కొనుగోలుదారు జేబులోంచి నేరుగా భూమి ధరలోకి చేరుతుందన్నది ఊహించలేనిది కాదు. పొదుపు చేసినవారికే అప్పు అన్న జర్మనీ పద్ధతి, తప్పనిసరి భవిష్య నిధిని 1968 నుంచి ఇంటికి వాడుకోనిచ్చిన సింగపూర్ పద్ధతి మన పరిస్థితికి దగ్గరగా ఉన్నాయి. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 1989లోనే ఐదేళ్ల పొదుపుతో ముడిపెట్టిన గృహ రుణ ఖాతా పథకాన్ని తెచ్చింది. వేల సంఖ్యలో యువ ఉద్యోగులు ఏటా చేరే ఈ కారిడార్‌కు తగిన రూపంలో దాన్ని తిరిగి తీసుకురావడం, భూమి వేలం రాబడిలో కొంత భాగాన్ని అందుబాటు ధరల ఇళ్లకు కేటాయించడం తెలంగాణ ప్రభుత్వం, బ్యాంకులు కలిసి ఆలోచించవలసిన పని.

అది జరిగేదాకా కొనుగోలుదారు పాటించదగిన క్రమం ఒక్కటే. మార్జిన్, జీఎస్టీ, రిజిస్ట్రేషన్, ఇతర రుసుములు అన్నీ కలిపి ఎంతవుతుందో ముందు కాగితం మీద రాసుకోవాలి. ఆ మొత్తంలో తిరిగి కట్టనవసరం లేని సొమ్ము ఎంత, తిరిగి కట్టవలసింది ఎంత అని రెండు వరుసలుగా విడదీయాలి. రెండో వరుస మొదటిదాన్ని మించితే చూడవలసింది అంతకంటే చిన్న ఇల్లు, లేదా మరో రెండేళ్ల పొదుపు. మరో అప్పు కాదు. ప్రాజెక్టుకు స్థిరాస్తి నియంత్రణ సంస్థ (రెరా) నంబరు ఉందో లేదో చూసుకోకుండా టోకెన్ కూడా ఇవ్వకూడదు. ధరలో 10 శాతానికి మించిన సొమ్మును రిజిస్టర్ చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా వసూలు చేసే హక్కు 2016 నాటి రెరా చట్టం ప్రకారం ఏ బిల్డరుకూ లేదు.